హాజరు పట్టీ

హోసూరు దగ్గరి కెలవరపల్లి ఆనకట్ట చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పుడు ఎవరినైనా ఓ పనికి పిలవాలంటే ముందుగా అడగాల్సింది "ఈ వారం నీకు ఏ షిఫ్టు?" అనే. కంపెనీ బస్సు తెల్లవారకముందే ఒకరిని ఎక్కించుకుపోతుంది, పొద్దుపోయాక ఇంకొకరిని దించుతుంది. మిగతావాళ్ళకు గులాబీ తోటలు, పాడి. ఇలాంటి చోట, వారం వారం ఒకే రోజు ఒకే వేళకు గుడి పక్క గదిలో కూర్చోవాలని అడిగే సంఘం మాది. పేరు లీజియన్ ఆఫ్ మేరీ. ఆంధ్రలో మరియదళం అంటారు. తమిళ పూజకు వెళ్ళే మా హోసూరు తెలుగిళ్ళలో మరియాయిన్ సేనై అనేస్తాం.

"రోజులు మారాయి, నెలకోసారి పెట్టండి, పేర్లయినా నిలుస్తాయి" అని ఈ మధ్య చాలామంది చెప్తున్నారు. మంచి మనసుతోనే చెప్తున్నారు. నేను మాత్రం ఒప్పుకోలేను.

1921 సెప్టెంబరు 7న డబ్లిన్‌లో, ఫ్రాన్సిస్ వీధిలోని మైరా హౌస్‌లో ఈ సంఘం మొదలైంది. మర్నాడు మరియమాత పుట్టినరోజు, అంటే మనవాళ్ళు వేలాంగణ్ణికీ బెంగళూరు శివాజీనగర్ గుడికీ బారులు తీరే పండగ. ఆ ఏడో తేదీ సాయంత్రం కూడింది ఫ్రాంక్ డఫ్ అనే ప్రభుత్వోద్యోగి, ఒక ఫాదర్, పదిహేను మంది ఆడవాళ్ళు. పేదల ఆసుపత్రికి వెళ్ళి రోగులను పలకరించాలి, వారం తిరిగేసరికి మళ్ళీ కలిసి ఏం చూశారో చెప్పుకోవాలి అనుకున్నారు. లీజియన్ అన్న పేరు కూడా తర్వాత, 1925లో పెట్టుకున్నదే. పేరు కన్నా ముందు వారం వచ్చింది.

మా కూటమిని ప్రేసీడియం అంటాం. బల్ల మీద తెల్లగుడ్డ, మరియమాత స్వరూపం, రెండు కొవ్వొత్తులు, రెండు పూలగిన్నెలు. పూలకు మాకు కరువు లేదు, ఎగుమతికి పనికిరావని తోటలో పక్కన పెట్టిన గులాబీలు వస్తాయి. మోకరించి జపమాల చెప్పుకుంటాం, పోయిన వారం మినిట్స్ చదువుతాం, తర్వాత ఒక్కొక్కరూ తమ పని చెప్పాలి. వారానికి కనీసం రెండు గంటల పని, అదీ ఇద్దరిద్దరుగా వెళ్ళి చేయాలి. "వెళ్ళామక్కా, బాగానే ఉంది" అంటే మా ప్రెసిడెంటక్క వదలదు. "ఏం బాగు? మాత్రలు వేసుకుంటోందా? కోడలు ఎదురొచ్చిందా, లోపలే ఉండిపోయిందా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నలు వస్తాయని తెలుసు కాబట్టే ఆ ఇంట్లో కూర్చున్నంతసేపూ కళ్ళు తెరుచుకుని ఉంటాం. గూట్లో మాత్రల అట్ట పోయిన వారం ఎలా ఉందో అలాగే ఉందని పోల్చుకోగలిగేది అందుకే. నెల రోజులైతే ఆ అట్ట నాకు గుర్తుండదు. గదిలో చెప్పుకున్నది గది దాటకూడదు, అది ఇంకో నియమం.

అన్నిటికన్నా కష్టమైన నియమం ఒకటుంది. సంఘం తరఫున డబ్బు గానీ బియ్యం గానీ ఇవ్వకూడదు. ఆ సాయం చేయడానికి విన్సెంట్ డి పాల్ సంఘం ఉంది. డఫ్ కూడా మొదట అందులో సభ్యుడే. పొయ్యి వెలగని ఇంటికి వట్టి చేతులతో వెళ్ళి కూర్చోవడం మొదట్లో నాకు గుండె పిండేసినట్టుండేది. ఇప్పుడు ఇదే సరైనదనిపిస్తుంది. మా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు కాబట్టి వాళ్ళు తమ లేమిని మాకు చూపించుకోవాల్సిన అవసరం లేదు. మాటలు వేరే దారిన వస్తాయి.

సమావేశంలో ఒక గుడ్డసంచి తిరుగుతుంది. అందరూ చెయ్యి లోపల పెట్టి తీస్తారు, ఎవరు ఎంత వేశారో ఎవరికీ తెలియదు. జీతం రాని నెలలో కూడా ఎవరూ తలదించుకోనక్కర్లేదు. హాజరు విషయంలో ఇంత కరకుగా ఉండే సంఘం డబ్బు దగ్గర ఇంత మెత్తగా ఉండటం నాకు చాలా ఇష్టం.

అడుగు పెట్టగానే మాట తీసుకోరు. కనీసం మూడు నెలలు వచ్చి, చేసి చూసుకోవాలి. ఆ తర్వాతే సంఘం జెండా కర్ర మీద కుడిచెయ్యి వేసి, పవిత్రాత్మను ఉద్దేశించి ప్రమాణం చెప్పాలి. రాలేనివాళ్ళను గెంటెయ్యరు. ఇంట్లోనే రోజూ జపమాలా, టెస్సెరా అనే మా ప్రార్థనల పత్రంలోనివీ చెప్పుకునే సహాయ సభ్యత్వం ఉంది. మరో కొసన, క్షయతో బలహీనపడ్డ మా సంఘ సభ్యురాలు ఎడెల్ క్విన్ 1936లో తూర్పు ఆఫ్రికాకు వెళ్ళి, 1944లో నైరోబీలో కన్నుమూసేదాకా ప్రేసీడియాలు నెలకొల్పుతూనే ఉంది. అంత అందరివల్లా కాదు, అందరినీ అడగరు కూడా. కానీ షిఫ్టు అడ్డొస్తే మార్చాల్సింది సమావేశం వేళను. వారాన్ని కాదు.

ఇప్పుడు కంపెనీలో పనిచేసే ఒకమ్మాయి మూడు నెలల గడువులో ఉంది. రాత్రి షిఫ్టు దిగి నేరుగా వస్తుంది, జపమాల మధ్యలో కళ్ళు వాలిపోతుంటాయి. "తొందరేం లేదమ్మా, ఇంకొన్నాళ్ళు చూసుకో" అంది ప్రెసిడెంటక్క మొన్న. "ఫరవాలేదక్కా, వచ్చేవారం నాకు ఏ ఇల్లు?" అంది ఆ పిల్ల. ఆమెకూ నాకూ కలిపి ఆనకట్ట దిగువన ఒక ముసలాయన ఇల్లు పడింది. ఏటి నురగ కంపుకు తలుపు వేసుకునే ఉంటాడట, గట్టిగా పిలవాలి.