నేలను అర్పించు యాజకుడు

కోతల పండుగనాడు దేవాలయములో బల్ల ముందర జొన్న కంకులు, వేరుసెనగ, పత్తి పెట్టి ప్రార్థించి, ఆరాధన కాగానే వాటిని వేలము వేయుట నీవు చూచియుందువు. లెక్క చెప్పువేళకు ఆ పత్తి ఏ చేనిదో ఎవరికిని జ్ఞాపకముండదు. పౌలోస్ మార్ గ్రెగోరియోస్ వ్రాసిన ‘ది హ్యూమన్ ప్రెజెన్స్’ చదువుచుండగా నాకు ఆ వేలము పాటయే మాటిమాటికి చెవిని బడినది.

ఈయన 1922లో కేరళదేశమందు పుట్టెను. కొట్టాయములోని ఆర్థొడాక్స్ వేదాంత కళాశాలకు ప్రధానాచార్యుడై, 1975లో ఢిల్లీ మెత్రోపాలిటన్ అయ్యెను. 1996 నవంబరు 24న నిద్రించెను. ఆయన పదవులను తలచువారు అనేకులు. నేలను గూర్చి ఆయన చేసిన తలంపును మన తెలుగు సంఘములలో తలచువారు అరుదు.

ఆ పుస్తకము 1978లో వెలువడెను. దానికి పదునొకండేండ్ల ముందు, 1967లో, లిన్ వైట్ అను చరిత్రకారుడు ప్రకృతి పాడగుటకు క్రైస్తవ బోధయే చాలవరకు కారణమని నింద మోపెను. మనవారు తడబడి, నరుడు ఏలిక కాడు, గృహనిర్వాహకుడు మాత్రమే అని జవాబు చెప్పిరి. గ్రెగోరియోస్‌కు ఆ జవాబు చాలలేదు. ఏలిక చేతిలోనైనను, గృహనిర్వాహకుని చేతిలోనైనను నేల ఒక వస్తువే గదా! ఆదోని పత్తి వ్యాపారము నెరిగిన నీకు ఇది వేరుగా చెప్పనేల? బేలులు యజమానివైనను, తూకము వేయు గుమాస్తాకు అవి బేలులే. నరుడు సృష్టిలో ఒకడై, దానితో కూడ నిలిచి, దానిని దేవునికెత్తి అర్పించు యాజకుడని నిస్సాకు చెందిన గ్రెగొరీ మొదలగు పితరుల వెలుగులో ఆయన చెప్పెను. విజ్ఞానమును ఆయన తృణీకరించలేదు. 1979లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో విశ్వాసము, విజ్ఞానములను గూర్చి జరిగిన ప్రపంచ సభకు ఆయనయే అధ్యక్షుడు.

పుస్తకము కఠినము. పితరుల పేర్ల నడుమ రైతు కనబడడు. నా ఫిర్యాదు ఇదే. మన నల్లరేగడిలో వాన తప్పినయేడు ఏమగునో నీకు తెలియును. బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చెను; విత్తనము, మందు, అప్పు మూడును అంగడినుండియే వచ్చుచున్నవి. పంట పోగా ఎమ్మిగనూరు, కోసిగి పల్లెలవారు ఇండ్లకు తాళములు వేసి, పిల్లలతో గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోవుదురు. సెంటు భూమి లేనివాడు ఏ నేలకు యాజకుడు?

అయినను ఇక్కడనే ఆయన తలంపునకు బలమున్నదని నాకు తోచుచున్నది. గృహనిర్వాహకునికి అప్పగింత కావలెను, పట్టా కావలెను. అర్పించువానికి పట్టాతో పనిలేదు. తాను ముట్టిన మట్టి చాలును. ఈ మాట ఆయన వ్రాయలేదు, ఆయన వ్రాసినదానినుండి నేను తీసికొన్నాను. తప్పైన దిద్దుము.

సుగ్గినుండి తిరిగివచ్చిన యొక తల్లి కొంగున కట్టి తెచ్చిన గుప్పెడు మిరపకాయలను బల్లమీద పెట్టెను. వేలములో వాటికెవరును పాడలేదు.