వ్యాన్‌లో రాత్రి బస

స్కాట్లాండ్ కొండల్లో ఎక్కడ పడితే అక్కడ పడుకోవచ్చట అని విని, క్యాంపర్‌వ్యాన్ అద్దెకు తీసుకుని బయల్దేరే మనవాళ్లు నాకు తరచూ తారసపడుతుంటారు. విన్నమాట నిజమే, కానీ అది గుడారం మోసుకుని నడిచేవాళ్లకు. 2003 నాటి భూసంస్కరణల చట్టం ఇచ్చిన ఆ స్వేచ్ఛ ఇంజిను బండికి వర్తించదు. రోడ్డు దిగి 15 గజాల లోపు బండి నిలిపితే 1988 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టం నేరమనదు, అంతే. నేల యజమాని వచ్చి వెళ్లమంటే వెళ్లాల్సిందే. లాక్ లోమండ్ సరస్సు చుట్టుపక్కల కొన్ని చోట్ల మార్చి నుంచి సెప్టెంబరు దాకా పర్మిట్ కూడా కావాలి. కాబట్టి వ్యాన్‌లో మన రాత్రి బస అక్కడి ఊరివాళ్ల మంచితనం మీదే నడుస్తుంది. అది నిలబడేదీ లేనిదీ ముఖ్యంగా మన మురుగును ఎక్కడ వదులుతామన్న దాన్ని బట్టే.

బండి అప్పగించేటప్పుడు మంచం ఎలా పరచాలో శ్రద్ధగా చూస్తాం, టాయిలెట్ దగ్గరికొచ్చేసరికి మొహం తిప్పుకుంటాం. అక్కడే ఆగి అడగండి. మురుగు చేరే పెట్టెను, అంటే క్యాసెట్‌ను, ఎలా లాగాలి, నిండిందని ఏ లైటు చెబుతుంది, అందులో నీలిమందు ఎంత పోయాలి? అందులో పట్టేది 20 లీటర్ల లోపే. ఇద్దరుంటే రెండు మూడు రోజుల్లో నిండుతుంది. దాన్ని పల్లెలోని పబ్లిక్ టాయిలెట్లో గుమ్మరించకండి. అక్కడ చాలాచోట్ల సెప్టిక్ ట్యాంకులే. మురుగును అరిగించే సూక్ష్మజీవులను ఆ నీలిమందు చంపేస్తుంది, ట్యాంకు చెడిపోతుంది. క్యాంప్‌సైట్లలో ఇందుకోసమే వేరే చోటు ఉంటుంది. కొంత డబ్బు తీసుకుని బయటివాళ్లను కూడా రానిస్తారు. అలాంటివి ఎక్కడెక్కడున్నాయో ముందే మ్యాపులో గుర్తుపెట్టుకుని, రాత్రి మజిలీలు వాటిని బట్టి వేసుకోవాలి. నేను సరస్సులూ కోటలూ ఆ తర్వాతే చూస్తాను.

గిన్నెలు కడిగిన నీళ్లూ అంతే. పోపు నూనె, పులుసు కలిసిన నీళ్లను సరస్సు ఒడ్డున వదలడం ఏ రకంగానూ న్యాయం కాదు. మొదటి రాత్రికి ఇంటినుంచే చింతపండు పులిహోర కలుపుకుని తీసుకెళ్లండి. పాడవదు, అంట్లు ఉండవు, చీకటిపడ్డాక కొత్త స్టవ్వుతో కుస్తీ పట్టక్కర్లేదు.

చలేస్తోందని స్టవ్వు వెలిగించి పడుకోవద్దు. మూసిన బండిలో కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా ప్రాణం తీస్తుంది. దాన్ని పసిగట్టే అలారం పనిచేస్తోందో లేదో బండి తీసుకున్న రోజే నొక్కి చూడండి. బండి లోపల అడుగున ఉండే రంధ్రాల్లోంచి చలిగాలి వస్తుందని కొందరు సంచులు అడ్డంపెడతారు, అది ప్రమాదం. వంటగ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే కిందికి దిగి బయటికి పోవాల్సిన దారి అదే.

చోటు ఎంచుకునేటప్పుడు గాలి తగిలే మెరక చూడండి. స్కాట్లాండ్‌లో వేసవిలో మిడ్జ్ అనే నుసుములు పొద్దునా సాయంత్రమూ గుంపులుగా కమ్మేస్తాయి. గంటకు 10 కిలోమీటర్లు దాటి గాలి వీస్తే ఎగరలేవు. పచ్చగా ఉంది కదా అని గడ్డిమీదికి దిగితే చక్రం కూరుకుపోతుంది, అడుగున ఉండేది నీళ్లు పీల్చిన పీట్ నేల. ఉత్తర తీరపు రోడ్లు చాలాచోట్ల ఒక్క బండి పట్టేటంతే. ఎదురుబండికి దారి ఇవ్వడానికని అక్కడక్కడా వెడల్పు చేసిన చోట రాత్రి ఆపకండి, అంబులెన్సు వచ్చేదీ అటే. పొలం గేటు ముందు అసలే వద్దు. గొర్రెలవాళ్లు తెల్లారకముందే పనిలోకి దిగుతారు.

ఫారెస్ట్రీ అండ్ ల్యాండ్ స్కాట్లాండ్ సంస్థ, లోపల టాయిలెట్ ఉన్న బండ్లను కొన్ని అడవి కార్ పార్కుల్లో రుసుము తీసుకుని ఒక రాత్రి ఉండనిస్తోంది. నేను ముందు వాటినే వెతుకుతాను. రెండు రాత్రులు బయట గడిపితే మూడోది క్యాంప్‌సైట్లో గడపండి, క్యాసెట్ ఖాళీ చేసి నీళ్లు నింపుకోవచ్చు. పాలూ రొట్టే మాత్రం నగరం సూపర్‌మార్కెట్లో నింపుకుని రాకుండా మీరు ఆగిన ఊరి దుకాణంలోనే కొనండి.