రికార్డుల తారతమ్యము: ముంబయి తెలుగు శ్రోతల ప్రమాణము

గ్రామఫోను రికార్డును నలుగురు కూడి విని, ఇది మేలు, అది తక్కువ యని నిర్ణయించుట సంగీతప్రియులకు చిరకాలపు వేడుక. అయితే ఆ నిర్ణయమునకు ప్రమాణమేది? ఈ ప్రశ్నను కామాఠీపురా వంటి చోట నిలిచి విచారించిన, సమాధానము తేటపడును.

నిజాము రాజ్యపు తెలుగు సీమలనుండి కట్టడపు పనులకై ముంబయి చేరిన కామాఠీల పేరనే ఆ పేట వెలసినది. తరువాతి కాలమున బట్టల మిల్లులకు వచ్చిన పద్మశాలి కుటుంబములు వర్లీ, పరేలు ప్రాంతపు చాళ్ళలో స్థిరపడినవి. చాళులో గదులన్నియు ఒకే వసారాలోనికి తెరచియుండును. ఒక గదిలో మ్రోగిన పాట వరుసకంతకును వినవచ్చును. కావున అచట శ్రవణము ఒంటరి పని కాదు. తీర్పును ఒకరిది కాజాలదు. నగరపాలక సంస్థ తెలుగు బడులు నడిపినను, పిల్లలలో అనేకులు మరాఠీ, హిందీ, ఆంగ్ల బడులలో చదివినవారే. అట్టివారికి తెలుగు చెవికి తెలిసిన భాష; కంటికి తెలిసినది కాదు. వారి విషయమున రికార్డే పుస్తకము.

తారతమ్యమును సంఖ్యతో తేల్చు పద్ధతి ఒకటి గలదు. అమీన్ సయానీ నిర్వహించిన బినాకా గీత్‌మాలా 1952లో సిలోన్ రేడియోలో ఆరంభమైనది. రికార్డుల అమ్మకమును, శ్రోతల సంఘముల అభిప్రాయమును గమనించి అది హిందీ సినిమా పాటలకు వరుస కట్టెను. ఆ వరుస పాటకు గల వ్యాప్తిని తెలుపును. వ్యాప్తికి హేతువైన గుణమును తెలుపదు.

రికార్డును రంగస్థలముతో పోల్చుట మరియొక పొరపాటు. నిమిషమునకు 78 చుట్లు తిరుగు 10 అంగుళముల రికార్డున ఒక ప్రక్క ఇంచుమించు 3 నిమిషములే పట్టును. నాటకమున పద్యమును దీర్ఘాలాపముతో పాడి ‘వన్స్‌మోర్’ లందుకొను నటుడు ఇచట రాగమును కుదించుకొనక తప్పదు. ఇది లోపము కాదు, వేరొక విద్య.

ఆ విద్యకు ఘంటసాల పాడిన ‘పుష్పవిలాపము’ మేలిబంతి. కరుణశ్రీ పద్యములందలి కరుణము ఒక్కొక్కచోట అతిమాత్ర మనిపించును. గాయకుడు దానిని మరింత పెంచక, సమాసమును విరువదగిన చోటనే విరిచి, పూవు మాటాడుచున్నట్లు పలికెను. పద్యము చదువనేరని శ్రోతకును భావమందును.

1974 ఫిబ్రవరి 11న ఘంటసాల మరణించిన పిమ్మట వెలువడిన ‘భగవద్గీత’ మరొక పరీక్ష. 700 శ్లోకములలో కొన్నింటినే ఏరుటవలన గీతయందలి వాదక్రమము అక్కడక్కడ తెగినది. గ్రంథమునకు ప్రతినిధిగా చూచిన ఇది కొరతయే. కాని శ్లోకము వెంట తెలుగు తాత్పర్యమును అదే కంఠము పలుకుటచే, సంస్కృతమెరుగని శ్రామికుడును, తెలుగు లిపి యెరుగని అతని బిడ్డయు ఒకేసారి అర్థమును గ్రహింపగలరు. ఈ ప్రయోజనమును గణింపని తీర్పు అసమగ్రము.

స్పష్టోచ్చారణము తెలుగువారి జన్మహక్కు అనుకొనుటకును వీలులేదు. తిరుమల తిరుపతి దేవస్థానముల పూనికతో 1980 ప్రాంతమున వెలువడిన ‘బాలాజీ పంచరత్నమాల’ లాంగ్‌ప్లే రికార్డులలో ఎం. ఎస్. సుబ్బులక్ష్మి అన్నమాచార్య కీర్తనలను పాడెను. మధురలో పుట్టిన ఆ గాయని తెలుగు పదమును సాధనచే వశము చేసికొనెను. సంగతుల నడుమ మాట ఒకింత మరుగుపడు చోట్లు లేకపోలేదు. అయినను అక్షరమునెడ ఆమె చూపిన శ్రద్ధ ముంబయిలో పెరిగిన తెలుగు పిల్లలకు ధైర్యము నొసగదగినది. ఇంట మాటాడని భాషను సైతము చెవితో, ఓర్పుతో సాధింపవచ్చును.

కాబట్టి కూడి వినువారు ఒకే అంకెతో రికార్డును కొలువరాదు. రాగమునకు, కంఠమునకు, మాటకు వేరువేరుగా విలువ కట్టవలెను. ప్రవాసాంధ్రుల గోష్ఠిలో మాటకు అగ్రస్థానము న్యాయము. రాగమును ఏ భాషవారైనను మెచ్చగలరు. మాట జారిపోయిన, దానిని మరల అందించువారు చాళులో అరుదు. ముల్లు ఎత్తిన పిమ్మట పెద్దల మెప్పునకు ముందు, వసారాలోని చిన్నవానిని పిలిచి ఏమి బోధపడినదో అడుగవలెను. వాని సమాధానమును విన్న తరువాతనే మార్కులు వేయుట యుక్తము.