నమ్మిన కంపెనీని అడగని ప్రశ్న

ఇంట్లో మొదటి కారు ఏ కంపెనీదైతే రెండోదీ, మూడోదీ అదే కంపెనీ నుంచి తెచ్చుకునే కుటుంబాలు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. దీన్ని గుడ్డి అభిమానమని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చేదాకా మధ్యతరగతి కొనగలిగినవి అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని లాంటి ఒకటి రెండు బళ్లే. వాటికీ ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. ఎంచుకునే వీలు దొరికాక జనం మారుతి వైపు మళ్లారు, తరువాతి తరంలో కూడా చాలామంది అక్కడే ఉండిపోయారు. దానికి బలమైన కారణాలున్నాయి. చిన్న పట్నంలో రోడ్డుపక్క షెడ్డులోనైనా ఆ బండి విప్పి బిగించగల మెకానిక్ దొరుకుతాడు. క్లచ్ ప్లేటు కోసం వారాల తరబడి కాచుకోనక్కర్లేదు. కొన్నేళ్లు వాడి అమ్మినా గిట్టుబాటు ధర పలుకుతుంది. షెవర్లే కార్ల అమ్మకాన్ని జనరల్ మోటార్స్ 2017లో మన దేశంలో ఆపేసింది. ఫోర్డ్ ఇక్కడ తయారీ మానుకుంటున్నట్టు 2021లో ప్రకటించింది. ఆ వార్తలు చదివినవాడు తెలిసిన కంపెనీనే పట్టుకుని ఉండటం జాగ్రత్తపరుడి లక్షణం.

అనుభవమే ఆధారమైతే, పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీ నుంచి 2019లో వచ్చిన కియా సెల్టోస్‌ను ముందూ వెనకా తెలియకుండా అంతమంది ఎలా కొన్నారని అడగవచ్చు. బండి కొత్తదే గాని, దాని వెనకున్న హ్యుందాయ్ 1998లో శాంత్రో తెచ్చినప్పటి నుంచీ మనవాళ్లకు తెలిసినదే. ఆ నమ్మకం దీనికీ కొంత అందింది.

నా అభ్యంతరం వేరేచోట ఉంది. అనుభవం మళ్లీ మళ్లీ జరిగేవాటినే నేర్పుతుంది. మైలేజీ ఎంతో ప్రతి ట్యాంకుకూ తెలుస్తుంది, సర్వీసు ఖర్చు ఎంతో ఏటా తెలుస్తుంది. గుద్దుకున్నప్పుడు బండి లోపలివాళ్లను కాపాడుతుందా అన్నది చాలామందికి ఎప్పటికీ తెలియదు, తెలిసే రోజు వస్తే అప్పటికే ఆలస్యం. ఇరవై ఏళ్లు ఏ ఇబ్బందీ పెట్టని కారు ఈ విషయంలో మనకు చెప్పింది ఏమీ లేదు. కంపెనీ పేరు కూడా చెప్పదు. 2014లో కార్ల భద్రతను పరీక్షించి స్టార్లిచ్చే సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ ఎయిర్‌బ్యాగులు లేని చవక వేరియంట్లను గుద్ది చూస్తే పెద్దల రక్షణలో మారుతి ఆల్టో 800కీ, టాటా నానోకీ సున్నా స్టార్లే వచ్చాయి. ఆ టాటా నుంచే వచ్చిన నెక్సాన్ 2018లో ఐదు స్టార్లు తెచ్చుకుంది. ఆ మారుతి నుంచే వచ్చిన కొత్త డిజైర్ 2024లో ఐదు తెచ్చుకుంది. సున్నాకూ ఐదుకూ మధ్య మారింది డిజైన్, ఉక్కు, ఎయిర్‌బ్యాగులు. బానెట్ మీద లోగో అదే.

బైకు మీద నలుగురు ప్రయాణించే కుటుంబానికి ఏ కారైనా మెరుగే కదా, స్టార్లు చూసే స్తోమత అందరికీ ఉంటుందా అని కొందరంటారు. ఆ కుటుంబాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అందుకే ఈ భారం కొనేవాళ్ల మీద వదలకూడదు. డ్రైవర్ ఎయిర్‌బ్యాగును ప్రభుత్వం 2019లో తప్పనిసరి చేసింది. అంతదాకా కోట్ల మంది నమ్మకమైన ఖాతాదారులు ఉండి కూడా చవక కార్లలో అది అందరికీ దక్కలేదు. పైగా మూడో కారు కొంటున్న మనిషికి స్తోమత సమస్య అంతగా ఉండదు. సన్‌రూఫ్ గురించి, టచ్‌స్క్రీన్ గురించి అరగంట మాట్లాడతాడు, స్టార్ల మాట ఎత్తడు. అలాంటి స్టార్లే ఇచ్చేందుకు మన దేశంలో 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్‌కు బళ్లు పంపడం కంపెనీల ఇష్టానికే వదిలేశారు. పంపని మోడల్‌ను ఎందుకు పంపలేదని అడగాల్సింది ఈ పాత ఖాతాదారే. కొత్తగా వచ్చినవాడు అడిగితే షోరూంవాళ్లు నవ్వి మాట మార్చేయగలరు. రెండు బళ్లు కొని మూడోదానికి వచ్చిన మనిషి సమాధానం వినేదాకా అడ్వాన్సు కట్టనంటే అంత తేలిగ్గా మార్చలేరు.