శబ్దసాదృశ్యం – వ్యక్తిధ్వని: చాపెల్ హిల్ ట్యాప్ నృత్యబృందంపై ఒక పరిశీలన

బృందనృత్యాన్ని విమర్శించేటప్పుడు రూపకర్త పేరు, సంగీతకర్త పేరు చెప్పి, తక్కినవారిని 'బృందసభ్యులు' అన్న ఒక్క మాటలో ముగించడం పరిపాటి. ఇతర నృత్యరీతుల విషయంలో ఇది లోపమే అయినా సహించదగిన లోపం. ట్యాప్ నృత్యం విషయంలో మాత్రం ఈ అలవాటు విమర్శకు ఆధారమే లేకుండా చేస్తుంది. ట్యాప్ నర్తకుడు తన వాద్యాన్ని కాళ్లకు తొడుక్కొని రంగస్థలం మీదికి వస్తాడు. బూటు ముందుభాగాన ఒక లోహపు పలక, మడమ కింద మరొకటి. వాటిని బిగించే మరలను కొంచెం వదులు చేస్తే ఒక నాదం, గట్టిగా బిగిస్తే మరో నాదం. శరీరపు బరువు, చీలమండ వదులుతనం, మడమ దించే వేగం ఏ ఇద్దరిలోనూ ఒకటి కావు. కనుక పదిమంది ట్యాప్ నర్తకులున్న బృందమంటే పది వాద్యాల మేళం. వాద్యకారుల పేర్లు చెప్పకుండా కచేరీని సమీక్షించడం ఎంత అసంగతమో, నర్తకులను విడివిడిగా వినకుండా ట్యాప్ బృందాన్ని అంచనా వేయడం అంతే అసంగతం.

ఈ వ్యాసానికి ఆధారం అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రంలో, చాపెల్ హిల్ అనే విశ్వవిద్యాలయ పట్టణంలో 1983లో జీన్ మెడ్లర్ నెలకొల్పిన నార్త్ కరోలినా యూత్ ట్యాప్ ఎన్‌సెంబుల్. న్యూయార్క్ వంటి మహానగరపు సంస్థ కాదిది. ఇందులోని నర్తకులు బాలబాలికలు, కౌమారంలో ఉన్నవారు. ఇటువంటి ప్రాంతీయ బృందాన్ని 'పిల్లల ప్రదర్శన' అని పక్కన పెట్టడం తేలిక. అయితే ట్యాప్ చరిత్రలోని ఒక ప్రధాన సమస్య ఇక్కడే తేటగా కనిపిస్తుంది.

ఆ సమస్య పేరుకు సంబంధించినది. 1842లో వెలువడిన 'అమెరికన్ నోట్స్'లో చార్లెస్ డికెన్స్, న్యూయార్క్ ఫైవ్ పాయింట్స్ ప్రాంతంలో తాను చూసిన ఒక నల్లజాతి యువనర్తకుణ్ణి అబ్బురపడుతూ వర్ణించాడు; పేరు మాత్రం చెప్పలేదు. 'మాస్టర్ జూబా'గా ప్రసిద్ధుడైన విలియం హెన్రీ లేన్ అతడేనని తరువాతి చరిత్రకారుల అభిప్రాయం. ఆఫ్రికన్ సంతతివారి లయ, ఐర్లండు వలసవారి జిగ్, ఇంగ్లండు కార్మికుల చెక్కబూట్ల నాట్యం కలిసి రూపొందిన ఈ కళలో తొలి మహానర్తకుడు సాహిత్యంలోకి అనామకుడుగా ప్రవేశించాడన్నమాట. అంతకు వంద సంవత్సరాల ముందు, 1739 స్టోనో తిరుగుబాటు అనంతరం, దక్షిణ కరోలినా ప్రభుత్వం 1740లో చేసిన శాసనం బానిసలు డప్పులు, కొమ్ములు వాడడాన్ని నిషేధించింది. చేతికి దూరమైన లయ పాదానికి దిగిందన్నది ట్యాప్ చరిత్రలో తరచు వినవచ్చే వివరణ. అదొక్కటే కారణం కాకపోవచ్చు. కానీ ఆ నేలకు పొరుగు రాష్ట్రంలోనే, రెండున్నర శతాబ్దాల తరువాత, పిల్లలు ఈ కళను బృందంగా అభ్యసిస్తున్నారన్న సంగతిని విమర్శకుడు మరువరాదు.

నిజానికి ట్యాప్ పుట్టుకతో బృందకళ కాదు. వీధిమూలల్లో, క్లబ్బుల్లో ఒకరినొకరు సవాలు చేసుకుంటూ సాగిన ఏకవ్యక్తి ప్రదర్శన, లేదా జంటల ప్రదర్శన దాని సహజరూపం. వరుసకట్టి ఆడే కోరస్ బృందాలున్నా, కీర్తి మాత్రం విడి నర్తకులదే. బిల్ రాబిన్‌సన్ 1949లో మరణించినప్పుడు ఆయన స్మృతిగా ఏర్పడిన 'కోపసెటిక్స్' కూడా సమవుజ్జీలైన కళాకారుల సోదరసంఘం వంటిదే. కచేరీ వేదికకు తగిన నృత్యబృందం అన్న భావన 1970ల చివర బలపడింది. లాస్ ఏంజిలిస్‌లో జాజ్ ట్యాప్ ఎన్‌సెంబుల్ 1979లోనూ, న్యూయార్క్‌లో బ్రెండా బుఫలీనో ఆధ్వర్యాన అమెరికన్ ట్యాప్ డాన్స్ ఆర్కెస్ట్రా 1986లోనూ ఏర్పడ్డాయి. ఈ రెండో సంస్థ తన పేరులోనే 'ఆర్కెస్ట్రా' అని చెప్పుకోవడం గమనార్హం. చాపెల్ హిల్ బృందం కాలం రీత్యా ఈ రెంటి నడుమ నిలుస్తుంది.

బృందాన్ని అంచనా వేయడానికి మన శాస్త్రాలలో ఏ పనిముట్లున్నాయి? నాట్యశాస్త్రం చెప్పిన పిండి, శృంఖలిక, లతాబంధం, భేద్యకం అనే నాలుగు విధాల పిండీబంధాలు నర్తకులు కలిసి ఏర్పరచే ఆకృతులను వివరిస్తాయి. అవి కంటికి సంబంధించినవి. ట్యాప్ బృందానికి అవి కొంతవరకే పనికివస్తాయి. శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో గాయకబృందానికి చెప్పిన బృందగుణాలు ఇక్కడ ఎక్కువ ఉపకరిస్తాయి. ముఖ్యగాయకుణ్ణి అనుసరించడం (ముఖ్యానువృత్తి), కలిసిపోవడం (మిళనం), ఒకరి లోటును మరొకరు నిర్వహించుకోవడం (మిథస్త్రుటితనిర్వాహం), స్వరాలు ఒకే తీరున ఉండడం (శబ్దసాదృశ్యం) వాటిలో కొన్ని. పదమూడో శతాబ్దపు లక్షణకారుడు గాయకులకు చెప్పినదాన్ని అమెరికన్ బూట్లకు తొడగడం సాహసంగా తోచవచ్చు. అయితే పాదమే గొంతుగా గల కళకు గాయకబృంద లక్షణాన్ని అన్వయించడంలో అసాంగత్యం ఉందనుకోను.

ఈ గుణాలలో శబ్దసాదృశ్యం ట్యాప్ బృందానికి మొదటి పరీక్ష. పదిమంది ఒకేసారి 'షఫుల్' వేసినప్పుడు, చేతుల భంగిమలో తేడా ఉంటే ప్రేక్షకుడు క్షమిస్తాడు. ఒక్క మడమ లేశమంత ఆలస్యంగా దిగితే ఆ ధ్వని రెండుగా చీలి, మొత్తం వరుస మసకబారుతుంది. పిల్లల బృందంలో ఇది మరీ కష్టం. ఎనిమిదేళ్ల బాలిక బరువు, పదిహేడేళ్ల యువకుడి బరువు నేలమీద ఒకే నాదం ఇవ్వవు. అందుచేత ఇటువంటి బృందం సాధించగలిగేది కాలైక్యమే గాని నాదైక్యం కాదు. దీన్ని లోపమని నేను భావించను. వయసు తేడావల్ల వినిపించే ఆ మందర, తార స్థాయిలే బృందానికి నిండుతనమిస్తాయి. శార్ఙ్గదేవుడే 'త్రిస్థానవ్యాప్తి'ని బృందగుణాలలో చేర్చాడు కదా.

అసలు చిక్కు ముఖ్యానువృత్తి దగ్గర వస్తుంది. ట్యాప్ సంప్రదాయంలోని 'టైమ్ స్టెప్' నిర్మాణం చూడండి: ఆరు బార్ల పాటు ఒకే నడక పునరావృతమై, చివరి రెండు బార్లలో 'బ్రేక్' వస్తుంది. ఆ రెండు బార్లు నర్తకుడి సంతకం. తని ఆవర్తనంలో మృదంగ, ఘట విద్వాంసులు వంతులవారీగా వాయించుకున్నట్లే, ట్యాప్ నర్తకులు నాలుగేసి బార్లు మార్చుకుంటూ సంభాషిస్తారు. ముందే కూర్చిన బృందరచనలో ఈ సంతకానికి చోటెక్కడ? ఏకరూప రచన సంతకాన్ని చెరిపేస్తుందనే పాతతరం సందేహంలో న్యాయం లేకపోలేదు. నాయకుణ్ణి అనుసరించడమే నేర్చుకున్న పిల్లవాడు వరుసలో రాణించి, ఒంటరిగా నిలబడినప్పుడు మూగబోవచ్చు.

ఈ సందేహానికి చాపెల్ హిల్ ఇచ్చిన సమాధానం ఆ బృందం నుంచి వెళ్లినవారిలో కనిపిస్తుంది. యువబృందం కనుక వయసు మీరిన ప్రతివారూ వెళ్లిపోక తప్పదు. కొన్నేళ్లకొకసారి బృందం పూర్తిగా కొత్తదవుతుంది. మన కూచిపూడి మేళాలలో వేదాంతం, చింతా, పసుమర్తి, భాగవతుల వంటి ఇంటిపేర్లే తరతరాల కొనసాగింపుకు హామీ. చాపెల్ హిల్‌లో ఆ హామీ వంశం వల్ల కాక శిక్షణ వల్ల రావాలి. అక్కడ పెరిగిన మిషెల్ డొరాన్స్ జీన్ మెడ్లర్‌ను తన గురువుగా చెప్పుకుంటుంది. జిమ్మీ స్లైడ్, ఫెయార్డ్ నికొలస్ వంటి చివరితరం మహానర్తకుల వద్ద కూడా ఆమె నేర్చుకుంది. చిన్న పట్టణపు బృందంలో పెరిగిన నర్తకికి ఆ వృద్ధకళాకారులతో ముఖాముఖి పరిచయం దొరకడం, నా దృష్టిలో, ఆ బృందం ప్రదర్శించిన ఏ అంశం కన్నా విలువైనది.

డొరాన్స్ తరువాత న్యూయార్క్‌లో తన సొంత బృందాన్ని నెలకొల్పింది. 2015లో మెకార్థర్ ఫెలోషిప్ పొందింది. చాపెల్ హిల్ బృందంలోనే శిక్షణ పొందిన ఎలిజబెత్ బర్క్ ఆమె బృందంలో ప్రముఖ నర్తకి అయింది. 2013లో సెయింట్ మార్క్స్ చర్చిలో రూపొందించిన 'సౌండ్‌స్పేస్'లో, అక్కడి చెక్కనేల దెబ్బతినకుండా లోహపు పలకలు విడిచి, చెక్క పలకలతో, తోలు అడుగులతో, వట్టి పాదాలతో నర్తించారు. లోహం తీసేస్తే ట్యాప్ ఏమవుతుందన్న ప్రశ్నకు ఆ రచన సమాధానం. బూటు వేరు, పాదం వేరు అని అక్కడ తేలింది. నర్తకుడి గొంతు లోహంలో లేదు.

ఇక వారసత్వపు ప్రశ్న. శ్వేతజాతి నర్తకి నల్లజాతి కళకు ప్రతినిధిగా గౌరవం పొందడం న్యాయమా అని అమెరికాలోనే చర్చ ఉంది. ఈ కళ ఎవరిదో డొరాన్స్ దాచలేదు, పలుమార్లు చెప్పింది. కానీ మాటకన్నా బలమైన సాక్ష్యం 'ది బ్లూస్ ప్రాజెక్ట్'. అందులో డెరిక్ గ్రాంట్, డొర్మేషియా సంబ్రీ-ఎడ్వర్డ్స్, సంగీతకర్త్రి తోషి రీగన్ పేర్లు సహరూపకర్తలుగా ఆమె పేరుతో సమానంగా ఉన్నాయి. డికెన్స్ వదిలేసిన చోట పేరు పెట్టడమంటే ఇదే. అయినా గౌరవాలు, నిధులు ఎవరి వైపు ఎక్కువగా ప్రవహిస్తాయన్న ప్రశ్నకు ఒక కరపత్రం జవాబు కాజాలదు.

విమర్శకుడి పద్ధతి గురించి ఒక మాట. దూరదేశపు పాఠకులమైన మనం ఈ ప్రదర్శనలను ఎక్కువగా దృశ్యముద్రణల ద్వారానే చూస్తాం. నేలకు దగ్గరగా అమర్చిన మైకులు అందరి అడుగులనూ కలిపి ఒక్క ధ్వనిగా అందిస్తాయి. ఏ శబ్దం ఎవరిదో తెలియదు. కనుక ముద్రణను ఒకసారి కళ్లు మూసుకొని విని, మరొకసారి ఒక్క నర్తకుడి పాదాల మీదనే చూపు నిలిపి, ఆ పైన మరొకరిని, ఇలా బృందం పూర్తయ్యేవరకు చూడాలి. పదిమంది బృందానికి ఇది పది వీక్షణల పని. ఒక ముఖ్యనర్తకితో పాటు ఎనిమిదిమంది గజ్జెలు కట్టి ఆడిన కూచిపూడి నృత్యరూపకాన్ని మన పత్రికలలో సమీక్షించేవారు ఆ ఎనిమిదిమంది గజ్జెలలో ఎవరివి ముందు మోగాయో, ఎవరివి తాళంలో ఒదిగాయో రాసిన సందర్భాలు ఎన్ని ఉన్నాయో లెక్కించడం కూడా ఇదే పరిశోధనలో భాగం కాదగినది.