పరిచర్యాపదములు – అధికారచ్ఛాయ

రోగిని కనిపెట్టియుండు వృత్తిని మనవారు ప్రశంసించినంతగా అందలి అధికారభేదమును పరిశీలింపలేదు. ఆ భేదము మన పదములలోనే కానవచ్చును. అట్టి పదములను కొన్నింటిని ఇచట విచారింతుము.

చరకసంహిత సూత్రస్థానము, తొమ్మిదవ అధ్యాయమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. అందు వైద్యుడు ప్రధానుడు. ఎరిగినవాడే కాక శాసించువాడు. అతనికి ఆర్తులయెడ కారుణ్యము విధింపబడినది. పరిచారకునకో, ఉపచారజ్ఞానము, దక్షత, శౌచములతోపాటు భర్తయెడ అనురాగము విధింపబడినది. భర్త యనగా భరించి పోషించువాడు. కారుణ్యము పైనుండి దిగునది. ఈ అనురాగము క్రిందినుండి సమర్పింపబడునది. రెండును సద్గుణములే, కాని సమానములు కావు.

మంత్రసానితనమునకు ఒప్పుకొన్న తరువాత ఏది వచ్చినను పట్టవలెనని మన సామెత. తరచుగా అణగారిన కులముల స్త్రీలకు వంశక్రమమున సంక్రమించిన పని యిది. కాదనుటకు వీలులేనిచోట సామెత 'ఒప్పుకొనుట'ను కల్పించినది. నిర్బంధము సమ్మతిగా మారినది.

నేటి వాడుకను చూతము. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని మొగుళ్లపల్లి వంటి తెలంగాణ పల్లెలలో వైద్యుడు 'డాక్టరు సారు', నర్సు 'నర్సమ్మ', ఆయా 'ఆయమ్మ'. 'అమ్మ' గౌరవవాచకమే కదా, వైద్యురాలును 'డాక్టరమ్మ'యే కదా యని ఆక్షేపింపవచ్చును. నిజమే, పిలుపున దోషము లేదు. అయితే డాక్టరమ్మకు ఆజ్ఞాపించు అధికారము కలదు. ఆజ్ఞను మోయువారికి మాత్రము అమ్మతనమే నియమమగుచున్నది. అమ్మకు పనివేళలెన్నియని ఎవరును అడుగరు.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ప్రవేశపెట్టిన 'ఆశా కార్యకర్త' యను పేరు దీనికి పరాకాష్ఠ. ఆమెను ఉద్యోగినిగా గాక స్వచ్ఛంద సేవకురాలిగా భావించుటచే, ఆమెకు లభించునది జీతము కాక 'పారితోషికము' అయినది. 2015లో తెలంగాణ ఆశా కార్యకర్తలు దీర్ఘకాలము సమ్మె చేసి కోరినవానిలో స్థిరవేతనము ముఖ్యము. అది ధనమునకై జరిగిన వివాదమేకాదు, ఒక పదమునకై జరిగిన వివాదము కూడనని మా అభిప్రాయము.

కావున పరిచర్యను వర్ణించు రచనలను విమర్శించునప్పుడు కరుణరసపోషణమును మెచ్చుకొని ఊరకుండుట చాలదు. ఆజ్ఞ ఎవరిది, కాదను హక్కు ఎవరికి కలదు అని అడుగవలెను. ఈ ప్రశ్నను విడిచిన ప్రశంస, అణచివేతకు అలంకారమగును.