పార్కింగ్ ఫెయిరీ, ఉప్పెన కాలు

ఆస్ట్రేలియా రచయిత్రి జస్టిన్ లార్బలెస్టియర్ నవల ‘హౌ టు డిచ్ యువర్ ఫెయిరీ’ (2008) ఒక్క రాత్రిలో చదివేశాను. న్యూ అవలాన్ అనే ఊహానగరంలో చాలామందిని కంటికి కనబడని ఫెయిరీ ఒకటి అంటిపెట్టుకుని ఉంటుంది. ఒక్కోదానికి ఒక్కటే పని. పద్నాలుగేళ్ళ చార్లీది పార్కింగ్ ఫెయిరీ. తను కూర్చున్న కారుకి ఎక్కడైనా చోటు దొరుకుతుంది. పిల్లకేమో ఇంకా కారు నడిపే వయసే రాలేదు! ఫెయిరీ విసుగెత్తి వెళ్ళిపోవాలని కార్లెక్కడం మానేసి ఊరంతా నడుస్తుంది. స్కూలుకి ఆలస్యమై శిక్షలు పోగేసుకుంటుంది.

నవ్వొచ్చింది గానీ కొత్తగా అనిపించలేదు. గుడివాడ బజారులో పొద్దున్నే ‘మంచి చెయ్యి, బోణీ మీరు చెయ్యండి’ అంటారు. హస్తవాసి బాగుంటుందని పక్కనున్న డాక్టర్ని వదిలి బందరు దాకా బస్సెక్కుతారు. ఇవన్నీ మన ఫెయిరీలే కదా.

అదృష్టం ఒకరిది, లాభం ఇంకొకరిది అని చూపించడం ఈ నవలలో నాకు బాగా నచ్చింది. డాండర్స్ ఆండర్స్ అనే ఆటగాడికి చార్లీతో పనల్లా తన కారుకి చోటు దొరకడమే. ఫియొరెంజాది మగపిల్లలందరూ ఇష్టపడే ఫెయిరీ, దాంతో ఆడపిల్లలెవరూ ఆమెని దగ్గరికి రానివ్వరు. చార్లీ ఆ ఫెయిరీని మార్చుకుని నాలిక్కరుచుకునే అధ్యాయాలు మహా సరదాగా ఉన్నాయి.

అయితే అక్కడ ఎవరి ఫెయిరీ ఏమిటో అది చేసే పనిని బట్టి తెలుస్తుంది. మా వైపు అలా కాదు, పక్కవాళ్ళే తేల్చేస్తారు. మా చిన్నమ్మమ్మని 1977 వేసవిలో నాగాయలంక దగ్గర ఊరికిచ్చారు. నవంబరు 19న ఉప్పెన. దివిసీమలో వేలమంది పోయారు. ఆ ఇంట్లో మామగారు పోయారు, గొడ్లు పోయాయి, ఈవిడ బతికింది. పుట్టింటివాళ్ళు అదృష్టవంతురాలన్నారు. అత్తింటివాళ్ళు ‘ఉప్పెన కాలు’ అన్నారు.

రచయిత్రి రాసింది కామెడీ, దురదృష్టం జోలికి పోనందుకు తప్పుపట్టను. కానీ ఎవరో అంటగట్టిన ఫెయిరీని మోస్తున్న పాత్ర ఒక్కటైనా ఉంటే బాగుండేది అనిపించింది. మా ఇళ్ళలో పెళ్ళంటే చిన్నమ్మమ్మ ఇప్పటికీ వంటింట్లోంచి ఇవతలికి రాదు. చార్లీ కథ చెబితే పకపకా నవ్వి, ‘నడిస్తే పోద్దంటే అది?’ అని అడిగింది.